గేజ్: రైలు పట్టాల నుంచి ఇంజెక్షన్ సూది దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఈ మాట వినపడని పేట లేదు. రైల్వే స్టేషన్లో బ్రాడ్ గేజ్, ఆటోనగర్‌లో పద్దెనిమిది గేజ్ రేకు, కేజీహెచ్ ఆసుపత్రిలో ఇరవై గేజ్ సూది, పోర్టులో టైడ్ గేజ్, తుపాను రోజుల్లో రెయిన్ గేజ్. ఒకచోట అంకె పెరిగితే మందం పెరుగుతుంది, ఇంకోచోట అంకె పెరిగితే సన్నబడుతుంది. ఐటీఐ కుర్రాళ్ళు, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు, రేకు కొనబోయి తికమకపడినవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం.

గేజ్ అంటే అసలు అర్థం ఏమిటి?

ముందే ఖాయం చేసి పెట్టుకున్న ఒక ప్రమాణం. ఆ ప్రమాణంతో సరిచూసే పనిముట్టును కూడా గేజ్ అనే అంటారు. క్రియగా వాడితే కొలవడం, లేదా కొలవకుండానే అంచనా కట్టడం. ఇంగ్లీషు నిఘంటువులో కనిపించే పది పన్నెండు అర్థాలూ ఈ మూడింటిలోంచి వచ్చినవే. ఎవరైనా గేజ్ అని అంకె చెబితే, అది దేనితో పోల్చి చెప్పిన అంకె అని అడగండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. కింది జవాబుల్లో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది.

గేజా, గాజా? ఎలా పలకాలి?

గేజ్. పేజ్, స్టేజ్ అన్నట్టే. గాజ్ వేరే మాట. అది పుండు మీద కట్టే పల్చటి గుడ్డ, దాని స్పెల్లింగ్‌లో చివర జడ్, ఈ ఉంటాయి. మన గేజ్‌కి జీ, ఏ, యూ, జీ, ఈ. చాలామంది ఏ, యూలను తారుమారు చేసి రాస్తారు. గైడ్, గార్డ్, గెస్ లాంటి మాటల్లో జీ తర్వాత వెంటనే యూ రావడం అలవాటై చెయ్యి అటే పోతుంది. అమెరికా ఇంజినీరింగ్ పుస్తకాల్లో యూ లేకుండా కూడా కనిపిస్తుంది, అది తప్పేమీ కాదు. పరీక్షలో మాత్రం యూ వెయ్యండి.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి, అందులోనూ ఉత్తర ఫ్రాన్స్ మాండలికం నుంచి, 15వ శతాబ్దం నాటికి వచ్చేసింది. మిగతా ఫ్రాన్స్‌లో ఇదే మాట జ అక్షరంతో మొదలవుతుంది, నేటి ఫ్రెంచిలో జోజ్ అంటారు. అంతకంటే వెనక్కి పోతే పండితులకే స్పష్టత లేదు. జర్మానిక్ భాషల్లో గడకర్రకు ఉన్న మాట నుంచి వచ్చి ఉండొచ్చని కొందరంటారు.

మాట పుట్టిన సందర్భం మాత్రం తేటగానే ఉంది. సారా, ద్రాక్షసారాయి పీపాల్లో వచ్చేవి. పన్ను వెయ్యాలంటే పీపాలో ఎంత ఉందో తెలియాలి. పొట్ట ఉబ్బిన పీపాను లెక్కకట్టడం తేలిక కాదు. అందుకని గుర్తులు గీసిన కర్రను మూత రంధ్రంలోంచి ఏటవాలుగా దింపి, తడిసిన గుర్తు చూసి పరిమాణం చెప్పేవారు. ఆ కర్ర గేజ్, ఆ పని చేసే ఎక్సైజ్ ఉద్యోగి గేజర్. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1789 నుంచి చేసిన ఉద్యోగం ఇదే.

ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కి ఈ కర్ర మీద అనుమానం వచ్చింది. 1613లో రెండో పెళ్ళికి ద్రాక్షసారాయి కొన్నప్పుడు వర్తకుడు ఒకే కర్రను అన్ని పీపాల్లోనూ దింపి ధర చెప్పేయడం ఆయనకు నచ్చలేదు. పీపా ఆకారం మారితే లెక్క మారదా అని కూర్చుని ఆలోచించి 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఏకంగా ఒక గ్రంథమే అచ్చువేశాడు. కలన గణితానికి దారి వేసిన పుస్తకాల్లో అదొకటి. పెళ్ళి విందు సరుకు మీద బేరం ఇంతదూరం పోవడం చరిత్రలో ఇంకెక్కడా చూడం.

ఈ పాత అర్థం పోలేదు. పెట్రోల్ బంకులో భూమిలోపలి ట్యాంకులోకి గుర్తుల కడ్డీ దింపి డిప్ చూస్తారు కదా, అదే పని. మల్కాపురం వైపు రిఫైనరీలో పెద్ద ట్యాంకుల మట్టం చూడడాన్ని ఇప్పటికీ ట్యాంక్ గేజింగ్ అనే అంటారు. ఇప్పుడు చాలాచోట్ల రాడార్ పరికరాలు వచ్చాయి, పేరు మాత్రం మారలేదు.

రైల్వేలో బ్రాడ్ గేజ్ అంటే ఎంత? ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. మనకు 1676 మిల్లీమీటర్లు, అంటే 5 అడుగుల 6 అంగుళాలు. పట్టాల నడుమ నుంచి నడుమకి కొలుస్తారని కొందరు రాస్తారు, అది తప్పు. మీటర్ గేజ్ సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. నారో గేజ్ మన దేశంలో రెండు రకాలు: 762, 610. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో ఉన్న స్టాండర్డ్ గేజ్ 1435 మిల్లీమీటర్లు. మనకు అది మెట్రోల్లో కనిపిస్తుంది, హైదరాబాద్ మెట్రో ఆ కొలతదే.

మన వెడల్పు పట్టాలు పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ, దూరంగా అర్జెంటీనా, చిలీలలోనూ ఉన్నాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో తిరిగే బార్ట్ రైళ్ళవీ ఇదే కొలత.

1870 ప్రాంతంలో వైస్రాయ్ లార్డ్ మేయో హయాంలో ఖర్చు తగ్గించడానికి సన్న పట్టాలు వేద్దామనుకున్నారు. అప్పట్లో ఇండియాకు మెట్రిక్ కొలతలు తెచ్చే ఆలోచన నడుస్తోంది కాబట్టి ఆ వెడల్పును సరిగ్గా ఒక మీటరుగా పెట్టారు. మెట్రిక్ పద్ధతి దేశంలోకి రావడానికి స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. మీటర్ పట్టాలు మాత్రం వేల కిలోమీటర్లు పడిపోయాయి. పట్టా మారినచోటల్లా సరుకు దించి వేరే పెట్టెల్లోకి ఎక్కించడమే. కూలీకి కూలి, ఆలస్యానికి ఆలస్యం, దారిలో దొంగతనం. 1992లో మొదలైన యూనిగేజ్ (ఒకే గేజ్) పథకంతో వీటిని బ్రాడ్‌కి మార్చుకుంటూ వచ్చారు.

మన ఉత్తరాంధ్రలో చెప్పుకోవాల్సింది నౌపడ–గుణుపూర్ లైను. పర్లాకిమిడి సంస్థానం 1900లో మొదలుపెట్టిన 762 మిల్లీమీటర్ల నారో గేజ్ అది. శ్రీకాకుళం జిల్లా పెద్దవాళ్ళు ఆ చిన్న బండి గురించి ఇప్పటికీ మురిపెంగా చెబుతారు. 2004లో ఆపేసి, బ్రాడ్ గేజ్‌గా మార్చి 2011లో గుణుపూర్ దాకా మళ్ళీ నడిపారు.

రోమన్ రథాల గుర్రాల వెనకభాగం వెడల్పును బట్టి రైలు గేజ్ వచ్చిందట, నిజమా?

వాట్సాప్‌లో ఏడాదికోసారైనా తిరిగే కథ. నమ్మొద్దు. స్టాండర్డ్ గేజ్ ఉత్తర ఇంగ్లండ్ బొగ్గు గనుల దగ్గర గుర్రాలు లాగిన బండ్ల దారుల నుంచి వచ్చింది. తొలి రైళ్ళ ఇంజినీర్ జార్జ్ స్టీఫెన్‌సన్ అక్కడివాడే, తనకు తెలిసిన 4 అడుగుల 8 అంగుళాలనే రైలుకీ వాడాడు. చక్రాలు పట్టుకోకుండా తర్వాత అర అంగుళం కలిపారు. అక్కడ ఇంకా ఎన్నో వెడల్పులు వాడుకలో ఉండేవి. బ్రూనెల్ అనే ఇంజినీర్ ఏడడుగుల పైచిలుకు గేజ్ వేశాడు, అది 1892 దాకా నడిచింది. 1846లో బ్రిటిష్ పార్లమెంటు గేజ్ చట్టం తెచ్చాక స్టీఫెన్‌సన్ కొలత గెలిచింది. అయినా మన పట్టాలు ఆ కొలతవి కానప్పుడు, ఆ రోమన్ గుర్రం విశాఖ దాకా ఎలాగూ రాలేదు.

స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అని రాస్తారు. దానికీ గేజ్‌కీ సంబంధం ఏమిటి?

చాలా దగ్గర సంబంధం. అందులో విశాఖకి వాటా కూడా ఉంది.

సముద్రం ఒకచోట నిలబడదు. ఆటుపోట్లు, అలలు, రుతువుతో వచ్చే మార్పులు. ఎత్తు కొలవడానికి సున్నా ఎక్కడ పెట్టాలి? ఏళ్ళ తరబడి నీటి మట్టం రాసుకుని సగటు తీయాలి. ఆ మట్టం రాసే పరికరం టైడ్ గేజ్. పాతకాలం పద్ధతి ఇది: రేవు గోడ పక్కన నిలువుగా ఒక గొట్టం లాంటి బావి, అడుగున చిన్న రంధ్రం. రంధ్రం చిన్నది కాబట్టి అల కొట్టినా లోపలి నీళ్ళు ఎగిరిపడవు, పోటు నెమ్మదిగా పెరిగితేనే పెరుగుతాయి. నీటి మీద తేలే బెండుకి తీగ, తీగ చివర పెన్సిల్, తిరిగే డ్రమ్ముకి చుట్టిన కాగితం. రోజంతా వంపు గీత గీస్తూ ఉంటుంది. ఇప్పుడు రాడార్, పీడన సెన్సార్లు ఆ పని చేసి అంకెల్ని నేరుగా ఉపగ్రహం ద్వారా పంపుతున్నాయి.

సర్వే ఆఫ్ ఇండియా తొమ్మిది రేవుల్లో ఇలా తీసిన లెక్కల ఆధారంగా 1909లో దేశమంతటికీ ఎత్తుల సున్నాను ఖరారు చేసింది. కరాచీ, బొంబాయి, మద్రాసుల సరసన వైజాగపట్నం అందులో ఒకటి. అప్పటికి మన ఆధునిక పోర్టు లేదు, అది 1933లో వచ్చింది. అరకు దారిలో శిమిలిగుడ స్టేషన్ ఎత్తు సుమారు 996 మీటర్లు అంటారు. కశ్మీర్ లోయలో రైలు నడిచేదాకా బ్రాడ్ గేజ్‌లో అదే దేశంలోకెల్లా ఎత్తైనదని బోర్డు గొప్పగా చెప్పుకునేది. ఆ 996ని ఎక్కడి నుంచి లెక్కపెట్టారంటే, జవాబులో కొంత భాగం మన తీరంలోనే ఉంది.

2004 డిసెంబర్ 26 సునామీని కూడా విశాఖ టైడ్ గేజ్ నమోదు చేసింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2007 నుంచి నడుపుతున్న సునామీ హెచ్చరిక కేంద్రానికి ఇలాంటి గేజ్‌లే కళ్ళు. భూకంపం వచ్చిందని భూకంప మాపకాలు చెబుతాయి, నీళ్ళు నిజంగా కదిలాయో లేదో చెప్పేది మాత్రం ఇవే.

రెయిన్ గేజ్‌లో వానని మిల్లీమీటర్లలో ఎందుకు చెబుతారు? నీళ్ళని లీటర్లలో కదా కొలవాలి?

పడిన నీరు ఇంకకుండా, పారకుండా, ఆవిరవకుండా నేల మీద నిలిచిపోతే ఎంత లోతుంటుందో అదే వర్షపాతం. అందుకే పొడవు కొలత. లీటర్లు కావాలంటే లెక్క సులువు: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 65 మిల్లీమీటర్లు పడితే 6,500 లీటర్లు, ఒక ట్యాంకర్‌కి పైమాటే. ఎండాకాలంలో ట్యాంకర్‌కి డబ్బులు కట్టే అపార్ట్‌మెంట్లవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వాతావరణ శాఖ ఉదయం 8.30కి అంతకుముందు 24 గంటల లెక్క తీస్తుంది. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లో ఈ మాటలు వచ్చినప్పుడు అవి ఊరికే వేసిన విశేషణాలు కావు, వాటి వెనక ఈ అంకెలున్నాయి.

వాన కొలవడం మనకు కొత్తేమీ కాదు. ధాన్యాగారం దగ్గర మూరెడు వెడల్పు మూతి ఉన్న కుండ పెట్టి వాన కొలవమని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. కొరియాలో 1441–42లో రాజు సేజోంగ్ కాలంలో రాజ్యమంతటా ఒకే కొలత పాత్రలు పెట్టించారు. విశాఖలోనే 19వ శతాబ్దంలో డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. నక్షత్రాలతో పాటు వాతావరణ లెక్కలూ అక్కడ రాసేవారు.

డాబా మీద బకెట్ పెట్టి నేనే కొలవొచ్చా?

కొలవొచ్చు, కానీ బకెట్ వద్దు. బకెట్ మూతి వెడల్పు, అడుగు సన్నం. వెడల్పు మూతిలో పడ్డ నీళ్ళు సన్నటి అడుగున చేరి లోతు ఎక్కువ చూపిస్తాయి. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న డబ్బా పెట్టి స్కేలుతో చూడండి. డబ్బా చిన్నదైనా పెద్దదైనా లోతు ఒకటే వస్తుంది. గోడకీ చెట్టుకీ దూరంగా పెట్టాలి.

ఇనప రేకు, తీగల్లో గేజ్ అంకె పెరిగితే సన్నబడుతుంది ఎందుకు?

తీగని తయారుచేసే పద్ధతి వల్ల. లావు కడ్డీని రంధ్రంలోంచి లాగితే కాస్త సన్నబడుతుంది. దాన్ని ఇంకా చిన్న రంధ్రంలోంచి మళ్ళీ లాగుతారు. మొదట్లో ఎన్ని రంధ్రాలు దాటిందో ఆ వరుస అంకే తీగ నంబరైంది. ఎన్నిసార్లు లాగితే అంత సన్నం. ఊరికో ఫ్యాక్టరీకో ఒక పట్టిక ఉండేది. బ్రిటన్ 1884లో ఒకే పట్టికను చట్టబద్ధం చేసింది. మన ఎలక్ట్రికల్ షాపుల్లో ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్) అని ఉండేది అదే. అందులో 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు, 16 నంబరు 1.63, 18 నంబరు 1.22, 20 నంబరు 0.91, 22 నంబరు 0.71.

అసలు చిక్కు షాపు మాటల్లో ఉంది. స్టీలు సామాన్ల షాపులో “ఇది హెవీ గేజ్ అమ్మా, గేజ్ ఎక్కువ” అంటే మందం ఎక్కువ అని. అదే మనిషి రేకుల లెక్కలో చెబితే మందమున్నదానికి అంకె తక్కువ. రెండూ మందాన్ని గురించే, దిక్కులే వేరు. గేట్లు, షట్టర్లు, రేకుల షెడ్డు వేయించుకునేవాళ్ళకి నా సలహా: గేజ్ నంబరు విని ఊరుకోవద్దు. ఒకే నంబరుకి బ్రిటిష్ పట్టికలో ఒక మందం, అమెరికా పట్టికలో ఇంకో మందం ఉంటుంది. బిల్లు మీద మిల్లీమీటర్లు రాయించుకోండి. సరుకు దిగాక మందం కొలిచే పనిముట్టు మైక్రోమీటర్‌తో ఒక మూల కొలవమనండి. రాయనంటే వేరే షాపు చూసుకోవడమే.

మరి ప్లాస్టిక్ కవర్లకి?

అక్కడ తిరగబడుతుంది, అంకె పెరిగితే మందమే పెరుగుతుంది. 100 గేజ్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). క్యారీ బ్యాగులు 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 చివరి నుంచి నిబంధన ఉంది. గేజ్‌లో చెప్పుకుంటే సుమారు 470. పూర్ణా మార్కెట్లో గాలికి ఎగిరే కవరు ఆ లెక్కకి ఎంత దూరమో చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది.

సూదుల గేజ్ సంగతి?

తీగల దారిలోనే, అంకె పెరిగితే సన్నం. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే క్యానులాని రంగుల్ని బట్టి గుర్తుపట్టొచ్చు: 16 బూడిద, 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. రక్తదానానికి సాధారణంగా 16 వాడతారు. సన్న సూదిలోంచి రక్తం నెమ్మదిగా వస్తుంది, సంచిలో గడ్డకట్టే ప్రమాదం, కణాలు చితికే ప్రమాదం ఉంటాయి. ఇన్సులిన్ పెన్ను సూది 31, 32 ఉంటుంది, కాబట్టి ఆ అంకె విని టెన్షన్ పడక్కర్లేదు.

పన్నెండు బోర్ తుపాకీ అంటారు, అదీ గేజేనా?

అవును. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌండు బరువు. ఇరవై బోర్ అంటే గుండ్లు ఇరవై కావాలి, అంటే చిన్నవి, గొట్టం సన్నం. పన్నెండు బోర్ వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు.

టైరులో గాలి 32 అంటారు. పంక్చరైన టైరులో సున్నా అంటే లోపల గాలే లేదనా?

కాదు. బయటి గాలి ఎంత ఒత్తిడితో ఉందో లోపలా అంతే ఉందని. ఆ బయటి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌండ్లు. ప్రెషర్ గేజ్ దాన్ని సున్నాగా పెట్టుకుని అంతకు మించినదే చూపిస్తుంది. దీన్నే గేజ్ ప్రెషర్ అంటారు. 32 చూపిస్తే మొత్తం ఒత్తిడి 46.7. ఇంజినీరింగ్ విద్యార్థులు లెక్కల్లో ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

గుండ్రటి డయల్ ఉన్న గేజ్‌ని 1849లో ఫ్రాన్స్‌లో బూర్దాన్ రూపొందించాడు. లోపల వంచిన చదును గొట్టం ఉంటుంది, ఒత్తిడి పెరిగితే అది విచ్చుకోజూస్తుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియంలోకి వెళ్ళినప్పుడు గోడల నిండా ఉన్న డయళ్ళని తీరిగ్గా చూడండి. నీటిలో పది మీటర్లు దిగితే ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి ఒత్తిడి చూస్తే లోతు తెలుస్తుంది.

గో, నో-గో గేజ్ అంటే?

అంకెలేవీ చూపించని గేజ్. రెండు కొనలుంటాయి. ఒకటి రంధ్రంలోకి వెళ్ళాలి, ఇంకొకటి వెళ్ళకూడదు. రెండూ సరిపోతే ముక్క పాసు. రోజుకి వందల ముక్కలు పరీక్షించాల్సిన షాపులో కొలత ఎంతో ఎవరికీ అక్కర్లేదు, హద్దులో ఉందా లేదా అన్నదే కావాలి. నా దృష్టిలో గేజ్ అన్న మాటకు అన్నిటికంటే అచ్చమైన ఉదాహరణ ఇదే.

గేజ్‌కీ మీటర్‌కీ తేడా?

వాడుకలో గీత చెరిగిపోయింది. మామూలుగా మీటర్ పారినదాన్నో తిరిగినదాన్నో లెక్కగడుతుంది: కరెంటు, నీళ్ళు, ఆటో. గేజ్ ఈ క్షణంలో ఎంత ఉందో చూపిస్తుంది: పెట్రోలు, ఒత్తిడి, మట్టం. స్ట్రెయిన్ గేజ్ అని ఒకటుంది, పోర్టు రోడ్డులో లారీలు ఎక్కే కాటా కింద అదే పనిచేస్తుంది. బరువుకి లోహం వెంట్రుకవాసి సాగితే దానికి అంటించిన సన్నటి తీగ కూడా సాగి, కరెంటుకి దాని నిరోధం మారుతుంది. ఆ మార్పే తెర మీద టన్నులుగా కనిపిస్తుంది.

క్రియగా వాడినప్పుడు తెలుగులో ఏమనాలి?

సందర్భాన్ని బట్టి. ఓటర్ల మూడ్‌ని గేజ్ చెయ్యడం అంటే నాడి పట్టడం. ఎదుటివాడి సత్తాని గేజ్ చెయ్యడం అంటే అంచనా కట్టడం. పరికరంతో చేస్తే కొలవడం. పత్రికల్లో కనిపించే “గేజ్ చేశారు” కన్నా ఈ మూడూ బాగుంటాయి.

ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్ పిల్లలు చెప్పే గేజ్ థియరీకీ దీనికీ ఏమైనా చుట్టరికముందా?

ఉంది, కాకపోతే పేరు వరకే మిగిలింది. 1918లో జర్మన్ గణితవేత్త హెర్మన్ వైల్, గురుత్వాకర్షణనీ విద్యుదయస్కాంతత్వాన్నీ ఒకే చట్రంలో పెట్టబోయి, పొడవుని కొలిచే ప్రమాణం చోటు మారితే మారవచ్చు అని ఊహించాడు. రైలు పట్టాల వెడల్పు ఊరూరికీ మారినట్టు అనుకోండి. అలా ప్రమాణాన్ని సరిదిద్దడానికి జర్మన్‌లో ఆయన వాడిన మాటే ఇంగ్లీషులో గేజ్ అయింది. ఐన్‌స్టీన్ వెంటనే అభ్యంతరం చెప్పాడు: అదే నిజమైతే ఒక పరమాణువు వెలువరించే కాంతి రంగులు అది తిరిగొచ్చిన దారిని బట్టి మారాలి, అలా మారడం లేదు కదా అని. ఊహ వీగిపోయింది. 1929లో వైల్ అదే గణితాన్ని పొడవులకు కాకుండా క్వాంటం తరంగాల దశకు వర్తింపజేశాడు, అప్పుడు సరిపోయింది. 1954లో యాంగ్, మిల్స్ అనే భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని విస్తరించారు. పరమాణు కేంద్రకంలోని బలాలను వివరించే నేటి సిద్ధాంతాలు ఆ దారిలోనే వచ్చాయి. వాటిలో కొలిచే కర్ర ఏదీ లేదు, పేరు మాత్రం గేజ్‌గానే ఉండిపోయింది.